బరువు దించిన గడప

మా జిల్లాలో ఏ ఊళ్లోనైనా మసీదుకు కొత్త మినార్ లేచినా, ఒక సాయిబు మట్టిమిద్దె కూలగొట్టి స్లాబు వేసుకున్నా, టీ బంకు దగ్గర ఒక మాట పుడుతుంది. 'పెట్రోడాలర్లు దిగినాయి' అని. ఆ మాట అన్నవాళ్లలో చాలామంది డాలరును కళ్లారా చూసినవాళ్లు కారు. అందరూ చెడ్డ మనసుతోనే అంటారని మేం అనం. పేపర్లో చదివారు, మీటింగుల్లో విన్నారు, అన్నారు. కానీ ఆ మాట కడుపులో ఇంకో మాట ఉంది. మీ డబ్బు అక్కడిది, మీ మొహం అటే, మీ మనసూ అక్కడే అని.

దీనికి మేం దేశభక్తి సర్టిఫికెట్లతో జవాబు చెప్పదలచుకోలేదు. అవి అడిగేవాళ్లు ఎన్ని చూపించినా ఇంకొకటి అడుగుతారు. మేం చేయదలచింది చిన్న పని. సముద్రం అవతలినుంచి మావాళ్లు ఇళ్లకు మోసుకొచ్చిన సామాన్లు విప్పి చూపడం. ఏమేం వచ్చాయి, ఎవరు మోశారు, దారిలో ఎవరు విప్పించారు, ఏది పోయింది, ఏది చేరింది. చరిత్ర పుస్తకాల్లో నవాబుల ఏనుగులు మోసిన బరువుల గురించే ఉంటుంది. మా సందూకుల చరిత్రను మేమే చెప్పుకోవాలి.

అనంతపురానికి సముద్రం లేదు. ఆ మాటకొస్తే నీళ్లే లేవు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ పడాల్సినప్పుడు పడదు. దేశంలో జైసల్మేర్ తర్వాత ఇంత తక్కువ వాన పడే జిల్లా ఇదేనని పేరు. అయినా సముద్రానికి మాకో దారి ఏర్పడింది. ఆ దారి గుంతకల్లు. మద్రాసు నుంచి పోయే రైలు మార్గమూ, బొంబాయి నుంచి వచ్చే మార్గమూ 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. గుంతకల్లు ఆ దారిలోనే ఉంది. అంతకుముందు హజ్‌కు పోవాలంటే బండ్ల మీదా కాలినడకనా రేవుదాకా చేరి తెరచాప ఓడ ఎక్కాలి. రైలు పడ్డాక గుంతకల్లులో ఎక్కినవాడు బొంబాయిలో దిగాడు.

ఆ తర్వాత అయిదేళ్లకే ధాత కరువు వచ్చింది. 1876-78 నాటి ఆ కరువులో సీడెడ్ జిల్లాల పల్లెలు ఖాళీ అయిపోయాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1877లో, బొంబాయిలో ఒక స్టీమర్ కంపెనీ పుట్టింది. బాంబే అండ్ పర్షియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. అదే తర్వాత మొగల్ లైన్ అయింది. తరతరాల హాజీలను జెడ్డా చేర్చింది ఆ ఓడలే. కరువూ ఓడా ఒకే కాలంలో రావడం కాకతాళీయం కావచ్చు. కానీ మా ప్రాంతపు ముస్లింల బతుకు ఆ రెంటి మధ్యే నడిచింది. ఒకటి ఊరినుంచి తరిమేది. రెండోది తిరిగి తీసుకొచ్చేది.

తెల్లదొరల కాగితాల్లో మాకో పేరుండేది. 'దివాళా హాజీలు' అనదగ్గ పేరు. తిరుగు టిక్కెట్టుకు డబ్బుల్లేక జెడ్డాలో చిక్కుకుపోయిన పేద యాత్రికులు సర్కారుకు తలనొప్పి అయ్యారు. హజ్ ప్రయాణాల ఏర్పాట్లను 1886లో థామస్ కుక్ కంపెనీకి అప్పగించి చూశారు. 1893 వచ్చేసరికి ఆ ముచ్చటా తీరిపోయింది. ఇక ఎర్రసముద్రంలో కమరాన్ అనే దీవి. 1882లో తుర్కీ ప్రభుత్వం అక్కడ క్వారంటైన్ పెట్టింది. హిందుస్తాన్ నుంచి పోయే ఓడ అక్కడ ఆగాలి. మనుషుల్ని దించి, మూటలు విప్పించి, బట్టల్ని క్రిమిశుద్ధికి పంపేవారు. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టాక, 1897లో అక్కడినుంచి హజ్ ప్రయాణమే ఆపేశారు.

మా మూటల మీద అనుమానం అప్పటిది. ఆ రోజుల్లో అందులో క్రిమి ఉందన్నారు. తర్వాత బంగారం ఉందన్నారు. ఇప్పుడు బాంబు ఉందంటున్నారు.

ఆ మూటల్లో నిజంగా ఉన్నదేమిటి? పోయేటప్పుడు బియ్యం, పప్పు, ఎండుమిరపకాయలు, ఊరగాయ, వంటపాత్రలు, కిరోసిన్ స్టవ్, బిస్తర్. కుట్టులేని రెండు ఇహ్రామ్ బట్టలు. అడుగున కఫన్ గుడ్డ. దారిలో మౌత్ వస్తే ఇంకొకరిని అడుక్కోవాల్సిన పని లేకుండా. బొంబాయిలో సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో దిగి, ఓడ వంతు వచ్చేదాకా ఆ సామాన్ల మీదే కూర్చునేవారు. వచ్చేటప్పుడు పెట్టె మారిపోయేది. తిండి సామాను అయిపోయి ఆ చోట్లో ఖజూరాలు, తస్బీలు, జానిమాజ్‌లు, సుర్మా, అత్తరు బుడ్లు. వీటన్నిటికంటే బరువైనది జమ్‌జమ్ నీళ్లు. రేకు డబ్బాలో పోసి, మూతి దగ్గర టంకం వేయించి, ఓడలోనూ రైల్లోనూ పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకునేవారు.

మా నానీ హజ్‌కు పోయివచ్చింది ఓడలోనే. అప్పటికి మేం చిన్నపిల్లలం. గుంతకల్లు స్టేషన్‌కు ఊరు సగం కదిలింది. జమ్‌జమ్ డబ్బాను కూలీ చేతికివ్వడానికి ఆమె ఒప్పుకోలేదు. మామలు ఇద్దరూ చెరోవైపు పట్టుకున్నారు. ఇంటికొచ్చాక చెంచాతో పంచింది. మా వీధిలో బోయలు, బలిజలు, ఒక బ్రాహ్మణ కుటుంబం ఉండేది. ఖజూరాలు అందరిళ్లకూ పోయాయి. పక్కింటి అవ్వ జమ్‌జమ్ నీళ్లు కళ్లకద్దుకుని తాగింది. ఆ అవ్వే కాశీకి పోయొచ్చినప్పుడు మూతికి టంకమేసిన రాగిచెంబు తెచ్చింది. సమారాధన నాడు మా నానీ వెళ్లి ఆ చెంబును చూసి, 'నీ గంగ, నా జమ్‌జమ్ చెల్లెళ్లు' అంది. ఈ రోజు మేం అడుగుతున్నది ఇదొక్కటే. కాశీ చెంబు మోసినవాడి మనసు ఈ దేశంలో ఉన్నట్టూ, జమ్‌జమ్ డబ్బా మోసినవాడి మనసు అరేబియాలో ఉన్నట్టూ ఎవరు తీర్పు చెప్పారు?

నానీ పెట్టెలో అడుగున కఫన్ ఉండేది. మక్కాలో జమ్‌జమ్ నీళ్లలో తడిపి, ఆరబెట్టి, మడిచి తెచ్చుకుంది. ఆ పవిత్ర భూమిలో చావు రావడం అదృష్టమని మావాళ్ల నమ్మకం. అయినా ఆమె ఆ గుడ్డను సముద్రం దాటించి తెచ్చింది దేనికి? మా ఊరి ఖబరస్తాన్‌లో, తుమ్మచెట్టు కింద, తాత పక్కన పడుకోవడానికి. పదకొండేళ్ల తర్వాత ఆ గుడ్డలోనే ఆమెను ఆ ఎర్రమట్టిలో పెట్టాం. మాతృభూమి మీద ప్రేమకు ఇంతకంటే ఏం రుజువు కావాలి?

హాజీ జేబులో రూపాయికీ ఒక కథ ఉంది. స్వాతంత్య్రం వచ్చాక కూడా చాలాకాలం గల్ఫ్ రాజ్యాల్లో మన రూపాయే చెల్లేది. ఆ నోట్లతో అక్కడ బంగారం కొని ఇక్కడికి దొంగతనంగా చేర్చడం మొదలయ్యాక, రిజర్వుబ్యాంకు 1959లో గల్ఫ్‌కు వేరే నోట్లు అచ్చేసింది. హాజీలకూ విడిగా 10 రూపాయలు, 100 రూపాయల హజ్ నోట్లు ఇచ్చింది. రంగు వేరు. నంబరుకు ముందు హెచ్.ఏ. అనే అక్షరాలు. బంగారం వ్యాపారం చేసింది పెద్ద సేట్లు. గుర్తుపడింది పొలం అమ్ముకుని హజ్‌కు పోయిన ముసలివాడి నోటు మీద కూడా. 1966లో రూపాయి విలువ తగ్గించాక, ఇంకా రూపాయి వాడుతున్న గల్ఫ్ రాజ్యాలు చాలావరకు దాన్ని వదిలేశాయి. అప్పటిదాకా మన రూపాయి అక్కడికి పోయేది. ఆ తర్వాత మన మనుషులు పోవడం మొదలైంది.

1973లో చమురు ధరలు లేచాయి. కువైట్, సౌదీ, దుబాయ్‌లలో రోడ్లు, మేడలు లేచాయి. ఇక్కడ శెనక్కాయ పంట మీద పంట ఎండిపోయింది. కదిరి, రాయచోటి వైపునుంచి మొదలైన వలస మెల్లగా మా మెట్టల మీదికంతా పాకింది. డ్రైవర్లు, తాపీ మేస్త్రీలు, దర్జీలు, గొర్రెల కాపరులు, వంటవాళ్లు, ఇంటిపని ఆడవాళ్లు. పోయింది ముస్లింలు మాత్రమే కాదు. మాల మాదిగలు పోయారు, బోయలు పోయారు, బలిజలు పోయారు. వాళ్లు తెచ్చిన సొమ్మును ఎవరూ పెట్రోడాలర్లు అనలేదు. 'కువైట్ డబ్బులు' అన్నారంతే.

రెండేళ్లకో మూడేళ్లకో మనిషి తిరిగి వచ్చేవాడు. బొంబాయిలో విమానం దిగి, కస్టమ్స్ దాటి, వీటీ స్టేషన్‌లో ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, గుంతకల్లులోనో అనంతపురంలోనో ధర్మవరంలోనో హిందూపురంలోనో దిగేవాడు. విమానం టిక్కెట్టుతో ఇరవై ముప్పై కిలోలు మించి రానివ్వరు. అందుకని ఒంటి మీద మూడు చొక్కాలు, కోటు జేబుల్లో టార్చిలైట్లు, చేతిసంచిలో ఇనుప సామాను. మిగిలింది అట్టపెట్టెల్లో కుక్కి, నైలాన్ తాడుతో అడ్డంగా నిలువుగా బిగించి, నాలుగు వైపులా పేరు, ఊరు, జిల్లా మార్కర్‌తో రాసేవాళ్లు. ఆ పెట్టె మీద 'అనంతపూర్, ఏపీ' అని అంత పెద్ద అక్షరాలతో రాసుకున్నవాడి వతన్ ఏదని ఇంకా అడగాలా?

పెట్టెలో టూ ఇన్ వన్ టేప్ రికార్డరు, ఇస్త్రీ పెట్టె, టాంగ్ పొడి, నీడో పాలడబ్బా, టైగర్ బామ్, సెంటు సీసాలు, నైలెక్స్ చీరలు, బుర్ఖా బట్ట, పిల్లలకు కీ ఇచ్చే బొమ్మలు. అన్నిటికంటే చోటు తినేది కంబళి. పులిబొమ్మ, గులాబీల బొమ్మ ఉన్న మందపాటి కంబళి. మే నెలలో నలభై రెండు డిగ్రీల ఎండకాసే ఊరికి అంత బరువు కంబళి దేనికి? కప్పుకోవడానికి కాదు. అది బీరువా మీద మడిచి ఉంటుంది. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లకు కనిపించాలి. చెల్లెలికో కూతురికో ఇచ్చి పంపాలి. ఖాలీ హాత్ కైసా ఆనా? వట్టి చేతుల్తో ఎలా వస్తాం? ఆ ఒక్క ప్రశ్నకు భయపడి మా మనుషులు రెండేళ్ల రొట్టె తగ్గించుకుని ఆ పెట్టెలు నింపారు.

పెట్టెలో కనపడని సామాను ఇంకొకటుంది. అప్పు. ఏజెంటుకు కట్టడానికి నూటికి మూడు, నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు. మొదటి ఏడాది జీతమంతా దానికే పోయేది. రెండో ఏడాది సంపాదన అక్క పెళ్లికి. మూడో ఏడాదిది బోరుకు. మూడొందల అడుగులు, నాలుగొందల అడుగులు వేసి, దుమ్ము తప్ప ఏమీ రాని బోర్లు మా పొలాల్లో ఎన్నో! పెట్రోలు బావి నుంచి వచ్చిన డబ్బు నీళ్లులేని బోరుబావిలో పడింది. పెట్రోడాలర్ల లెక్క అడిగేవాళ్లు ముందు ఆ బోర్లలోకి తొంగిచూడాలి.

ఇక బంగారం. 1968 బంగారం నియంత్రణ చట్టం నాటినుంచి గల్ఫ్ మనిషి అంటే స్మగ్లర్ అనే బొమ్మను సినిమాలు కూడా గీశాయి. ఆ స్మగ్లర్‌కు తరచు ఒక ముస్లిం పేరు పెట్టాయి. 1990లో ఆ చట్టం రద్దయింది. 1992లో ఆర్నెల్లు దాటి విదేశాల్లో ఉండి వచ్చిన భారతీయులు సుంకం కట్టి అయిదు కిలోలదాకా బంగారం తెచ్చుకోవచ్చని ప్రభుత్వమే చెప్పింది. నిన్న నేరమైంది ఇవాళ విధానమైంది. కానీ బొమ్మ చెరిగిపోలేదు. ఒక విమానాశ్రయంలో మా బంధువు పేరు చదివాక, వరసలోంచి పక్కకు పిలిచి, తాళ్లన్నీ కోసి పెట్టె నేలమీద బోర్లించారు. దొరికింది రెండు జతల చెవికమ్మలు, వాటి రసీదు. తాడు మళ్లీ కట్టుకోవడానికి ఎవరూ సాయం చేయలేదు. చొక్కా చింపి కట్టుకుని వచ్చాడు.

అన్ని పెట్టెలూ చేరలేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. మా ఖాలా అప్పుడు అక్కడ ఒక ఇంట్లో పని చేస్తోంది. సెలవుకు ఇంటికి రావాలని పెట్టె సర్ది ఉంచుకుంది. కువైట్ నుంచి బాగ్దాద్, బాగ్దాద్ నుంచి జోర్డాన్ సరిహద్దు ఎడారి గుడారాలు, అక్కడినుంచి అమ్మాన్. ఎయిరిండియా ఆ ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా 59 రోజుల్లో 488 విమానాలు నడిపి లక్షా పదకొండు వేలమందికి పైగా భారతీయులను చేర్చింది. ప్రపంచంలోనే అతిపెద్ద పౌర విమాన తరలింపుగా దాన్ని చెబుతారు. ఈ దేశం తన బిడ్డల్ని తెచ్చుకున్న ఆ పనికి మేం రుణపడి ఉన్నాం. ఖాలా చేతిసంచితో దిగింది. అందులో ఒక జత బట్టలు, చెల్లని కువైటీ దినార్లు, ఆ పెట్టె తాళంచెవి.

తర్వాత ఐక్యరాజ్యసమితి జెనీవాలో నష్టపరిహార కమిషన్ పెట్టింది. ఫారాలు వచ్చాయి. ఆ నియమం చిత్రంగా ఉంది. దేశం విడిచి రావాల్సి వచ్చినందుకు మనిషికి స్థిరంగా 2,500 డాలర్లు. సామాన్ల నష్టం వగైరా ఇంకే క్లెయిమూ పెట్టనని ఒప్పుకుంటే 4,000. ఖాలా ముందు సామాన్ల జాబితా చెప్పింది, ఇంట్లో పెద్దపిల్లలు రాశారు. కుట్టుమిషను ఒకటి, కంబళ్లు మూడు, చీరలు పద్నాలుగు, తమ్ముడికి రేడియో. తర్వాత రసీదులెక్కడివని ఆలోచించి ఆ కాగితం మడిచి పక్కన పెట్టి, రెండోదానికి వేలిముద్ర వేసింది. డబ్బు వచ్చేసరికి ఏళ్లు పట్టింది. ఆ తాళంచెవి మాత్రం ఆమె మంగళసూత్రంలా లచ్ఛాకే కట్టుకుని తిరిగింది.

ఆడవాళ్ల పెట్టెల కథ వేరే. 1983 వలస చట్టం కింద పెట్టిన నిబంధనల ప్రకారం ఇంటిపనికి గల్ఫ్ పోయే స్త్రీకి ముప్పై ఏళ్లు నిండాలి. ఇరవై రెండేళ్ల పిల్లకు ఏజెంట్లు కాగితంలో ముప్పై ఒకటి వేశారు. అక్కడ పాస్‌పోర్టు యజమాని దగ్గర. నడిరాత్రి పారిపోయి ఎంబసీ చేరినవాళ్లకు పెట్టె అనేదే ఉండదు. సక్రమంగా బయల్దేరినవాళ్ల పెట్టెను కూడా గడప దాటేముందు యజమానురాలు విప్పించి చూసే ఇళ్లున్నాయి. మక్కా మదీనాలున్న గడ్డ చుట్టుపక్కల కదా, తోటి ముస్లింలు కదా అనుకుని పోయినవాళ్లకు అక్కడ ముస్లిం అన్నది రెండో మాట, పనిమనిషి అన్నది మొదటి మాట అని తెలిసింది. ఉమ్మత్ అంతా ఒకటే అని ఇక్కడ మైకుల్లో చెప్పే పెద్దలు ఆ ఆడవాళ్లను ఎప్పుడైనా పిలిచి అడిగారా?

మా లోపల మేం అడుక్కోవాల్సిన ప్రశ్నలూ ఉన్నాయి. పెట్టెల్లో వస్తువులే రాలేదు. తఖ్రీర్ల క్యాసెట్లు వచ్చాయి. పెనుకొండ బాబా ఫక్రుద్దీన్ దర్గాకు పోవడం తప్పన్నారు. గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల ముందు హిందువులూ ముస్లింలూ కలిసి నిప్పులు తొక్కే మొహర్రం జాహిలియత్ అన్నారు. మా దాదీల రంగు చాదర్లు పోయి నల్లబుర్ఖాలు వచ్చాయి. నమాజు, రోజా గురించి శ్రద్ధ పెరిగిందంటే సంతోషమే. కానీ ఈ మట్టిలో వందల ఏళ్లు వేళ్లూనిన ఇస్లాం నకిలీదీ, సంచిలో వచ్చినదే అసలుదీ అనడం మమ్మల్ని మేమే పరాయివాళ్లం చేసుకోవడం. ఇంకో మాట. తెలుగే మాట్లాడే దూదేకులవాళ్లను ఉర్దూ రాదని మనమే తక్కువగా చూశాం. వాళ్లిళ్లకు కువైట్ పెట్టెలు వచ్చాక మర్యాద ఇచ్చాం. అంటే మనం ఇచ్చిన మర్యాద దీన్‌కు కాదు, పెట్టెకు.

ఓడలు 1995తో ఆగిపోయాయి. అక్బరీ అనే ఓడతో సముద్రపు హజ్ ముగిసింది. హాజీలు ఇప్పుడు విమానాల్లోనే పోతారు. జమ్‌జమ్‌ను 2010 నుంచి మక్కాలోనే ఫ్యాక్టరీలో నింపి మూత బిగిస్తున్నారు. పూర్వం పది లీటర్లు తెచ్చుకున్న హాజీకి తర్వాత అయిదు లీటర్ల డబ్బా మిగిలింది. 2018లో హజ్ సబ్సిడీ ఆగింది. 2008లో దేవనహళ్లి విమానాశ్రయం వచ్చాక కువైట్ మనిషి బొంబాయి మొహం చూడకుండా పెనుకొండ మీదుగా జీపులో ఇల్లు చేరుతున్నాడు. 2022లో మా జిల్లా రెండయింది. పెట్టెల మీద రాసే పేర్లు మారాయి. కంబళ్లు ఇప్పుడు కదిరి బజార్లోనే దొరుకుతాయి. అయినా మోసుకురావడం ఆగలేదు.

అన్నిటికంటే బరువైన పెట్టె ఒకటి అప్పుడప్పుడు వస్తుంది. దాన్ని మోయడానికి ఆరుగురు కావాలి. గల్ఫ్‌లో పోయినవాడి శవపేటిక. విమానంలో అది ప్రయాణికుల వైపు కాదు, సరుకు వైపు వస్తుంది. యూఏఈ నుంచి ఎయిరిండియా 2019 జనవరి దాకా శవాన్ని కిలోల లెక్కన తూచే రవాణా ఛార్జీ తీసుకునేది. విమర్శలు వచ్చాక ఒకే రేటు పెట్టింది. బతికుండగా అదనపు కిలోకు భయపడి చొక్కా మీద చొక్కా తొడుక్కున్న మనిషిని చచ్చాక కూడా కాటా మీద పెట్టారు.

శవాన్ని అక్కడే ఖననం చేయొచ్చు. ముస్లింకు అల్లా భూమి అంతా ఒకటే, త్వరగా మట్టి ఇవ్వడమే మంచిదని మౌల్వీలు చెబుతారు. ఆ మాట విని ఒప్పుకునే కుటుంబాలు ఉన్నాయి. ఒప్పుకోని తల్లులూ ఉన్నారు. నెల పట్టినా ఫర్వాలేదు, నా బిడ్డను ఇంటికి తెచ్చివ్వండి అంటారు. అందుకోసం ఊరంతా చందాలు వేసుకుంటుంది. ఆ చందాలో బోయలుంటారు, రెడ్లుంటారు, మాలలుంటారు. ఊరు మనిషిని తెచ్చుకుంటుంది.

పెట్రోడాలర్ల మాట అనేవాళ్లకు మేం చెప్పగలిగేది ఇంతే. ఓడలో జమ్‌జమ్ డబ్బా, రైల్లో తాడు కట్టిన అట్టపెట్టె, చేతిసంచిలో తాళంచెవి, సరుకు గదిలో శవపేటిక. నూట యాభై ఏళ్లుగా మావాళ్లు సముద్రం దాటి మోసుకొస్తూనే ఉన్నారు. పరాయి ఇంటికి ఎవరూ ఇంత బరువు మోయరు. మా వతన్ ఎక్కడో తెలుసుకోవాలంటే మేం ఎటు తిరిగి నమాజు చేస్తామో చూడకండి. మా బరువు ఏ గడప దగ్గర దించుతామో చూడండి.